నా ఫోనుకి దొరకని వాచీ

ఫోన్లలో, కంప్యూటర్లలో వచ్చే తంటాలను ఫోనులోనే తీర్చిపెట్టడం నా ఉద్యోగం. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా మీద విసుక్కుంటుంటే, నేను తేనె పూసిన గొంతుతో "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి సార్" అంటూ ఉంటాను. నా ఓర్పంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంటికి తెచ్చుకునేది నా అసలు గొంతే.

ఆ ఆదివారం అది మామగారి చేతి వాచీ మీద పడింది.

మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. పోయిన నెలలో గుండెకి ఆపరేషన్ అయింది. గుండె కొట్టుకునే తీరులో తేడా వస్తే ఫోనుకి కబురందించే వాచీ ఒకటి వారం క్రితం మా ఆయన కొని తెచ్చి, తండ్రి చేతికి పెట్టాడు. దాన్ని నా ఫోనుకి కలిపే పని మాత్రం, ఎప్పటిలాగే, నా నెత్తిన పెట్టాడు. మర్నాటి నుంచి నేను ఆఫీసుకి వెళ్ళాలి. పగలంతా ఇంట్లో ఉండేది మామగారు, అత్తయ్య, ఇద్దరే.

నా భయమంతా అక్కడే ఉంది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఆపరేషన్‌కి ముందు చాలా రోజులుగా ఆయనకి ఛాతీలో నొప్పి వస్తోందట. అత్తయ్యకి చెప్పకుండా, మాత్రలు చొక్కా జేబులో దాచుకుని తిరిగారు. ఆ సంగతి ఆసుపత్రిలో డాక్టరు నోట విన్నది ఆవిడ. ఆయన గండం గడిచేదాకా కంట నీరు పెట్టుకుంది, గడిచాక నోరు కట్టేసుకుంది. అప్పటి నుంచి నేనే వాళ్ళ మధ్య రాయబారిని. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, "అమ్మాయ్, స్నానానికి నీళ్ళు కాగాయని మీ మామయ్యకి చెప్పు" అని ఆవిడ, "వస్తున్నానని మీ అత్తయ్యకి చెప్పు" అని ఆయన. రేపు నేను లేనప్పుడు నొప్పి వస్తే ఈయన ఎవరికి చెప్తాడు? మామూలు రోజుల్లోనే దాచిన మనిషి!

అందుకే ఆ వాచీ ఎలాగైనా నా ఫోనుకి కలవాలి. అది కలిస్తేనా! నా ఫోను వెతికి వెతికి "దొరకలేదు" అంటుంది. వాచీ ఏమో ఆయన మణికట్టు మీదే, నా ఫోనుకి జానెడు దూరంలో, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

మొదట వాచీని ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. "నా కళ్ళజోడు ఇక్కడ పెట్టానా?" అంటూ ఆయన వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. కళ్ళజోడు ఆవిడ కళ్ళకే ఉంది.

ఫోనులో యాప్ తీసేసి మళ్ళీ వేశాను. లాభం లేదు. ఇంకోసారి వాచీ ఆపాను. అత్తయ్య చీపురుతో వచ్చి, పొద్దున్నే ఊడ్చిన గదిని మళ్ళీ ఊడ్చింది. ఊడుస్తున్నంతసేపూ చూపు నేల మీద లేదు.

"అత్తయ్యా, కాస్త పని చేసుకోనివ్వండి" అన్నాను విసుగ్గా.

"నేనేమన్నానే?" అని వెళ్ళిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రోజూ రచ్చ గెలిచి జీతం తెచ్చుకునేదాన్ని, ఇంట్లో ఒక్క వాచీ దగ్గర ఓడిపోతున్నాను. చివరి అస్త్రం తీశాను. వాచీలో ఉన్నదంతా చెరిపేసి, కొన్ననాటిలా చేయడం. అది మళ్ళీ లేవడానికి సమయం పడుతుంది. అప్పటికే విసిగిపోయిన మామగారు పడక్కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. నేను మీట నొక్కాను. వాచీ నల్లబడింది.

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. తడిచేతులతో, చేతిలో తన పాత ఫోను పట్టుకుని అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్న ఆయన్ని చూసింది.

"ఏమండీ! ఏమండీ, లేవండీ!"

భుజాలు పట్టుకుని కుదిపేసింది. మామగారు ఉలిక్కిపడి లేచారు. "ఏంటే? ఏమైంది?"

ఆవిడ కూలబడినట్టు నేల మీద కూర్చుంది. చేతిలోని ఫోను చూశాను. గుండె బొమ్మ, దాని పక్కన అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు.

"ఇది మీ ఫోనుకి ఎవరు కలిపారు అత్తయ్యా?"

"వీధి చివర ఫోన్ల షాపమ్మాయి" అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "వాచీ వచ్చిన రోజే, ఆయన నిద్రపోతుంటే తీసుకెళ్ళాను. కుట్టుబుట్టలో పెట్టుకుని చూసుకుంటున్నాను. నీకు చెప్తే ఆయనకి చెప్తావు."

ఒక ఫోనుకి కలిసి ఉన్న వాచీ ఇంకో ఫోనుకి ఎలా దొరుకుతుంది! వారం రోజులుగా బట్టలు కుడుతోందనుకున్నాం. మొగుడి గుండె లెక్క చూసుకుంటోంది. నా కోపమంతా ఎటుపోయిందో!

మామగారు ఆవిడనే చూస్తున్నారు. ఇంట్లో చాలా రోజులకి వినపడిన "ఏమండీ" అది. అయినా పాడు అలవాటు, నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, వాచీ ఎవరి ఫోనుకి కలపాలో మీ అత్తయ్యని అడుగు."

"ఇక్కడే ఉన్నానుగా" అంది అత్తయ్య. "నన్నే అడగండి."

ఆయన అడగలేదు. చేతిని చాచి ఆవిడ ఒళ్ళో పెట్టారు. నేను వాచీని మళ్ళీ ఆవిడ ఫోనుకే కలిపాను. ఒక్కసారికే కలిసింది. గీతలు పోయి అంకె వచ్చేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టుకునే ఉంది.

"చెప్తే కంగారు పడతావని చెప్పలేదే" అన్నారాయన మెల్లగా. "ఇక మీదట నొప్పొస్తే చెప్తాను. కోప్పడవుగా?"

"కోప్పడతాను" అంది అత్తయ్య. "అయినా చెప్పండి."