ఇద్దరు ఎత్తాల్సిన బరువు

అయినా ఆ వాసన బాత్‌రూమ్ గొట్టానిదేనని నాలుగు రోజులుగా నన్ను నేను ఎందుకు నమ్మించుకున్నట్టు? కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఛార్జింగ్ ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ను పిలవాలి. ఈ వాక్యం రాసింది నేనే. ఇన్వర్టర్ల కంపెనీకి వాడుక పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. బ్యాటరీని పడకగదిలో ఉంచరాదు. అదీ నా వాక్యమే. నా బ్యాటరీ మాత్రం మంచానికి మూరెడు దూరంలో ఉంది.

బిగించిన రోజు బాల్కనీలో పెడతామంటే నేనే వద్దన్నాను. ఛార్జింగ్ అవుతున్నంతసేపూ ఇన్వర్టర్ సన్నగా గుంయ్‌మంటుంది. గదిలో ఇంకొకరు నిద్రపోతున్నట్టుంటుంది. ఈ మాట చెప్పుకోవడానికి ఒక మనిషంటూ ఉంటే ఆ చప్పుడుతో నాకేం పని?

ఇవాళ పిలిపించిన మెకానిక్ రాగానే ఇన్వర్టర్‌ను ఆపేశాడు. కిటికీలన్నీ తెరిచి గంటసేపు హాల్లో కూర్చున్నాం. అతను పది మాటలంటే నేను రెండు అన్నాను. బల్ల మీది వాడుక పుస్తకం నా పనేనని చెప్పాను. తిరగేసి, "ఇది రాసింది మీరేనా? దీపం కిందే చీకటంటే ఇదే మేడం" అన్నాడు. నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

బ్యాటరీ వేడి తగ్గాక లోపలికి వెళ్లి చూశాడు. "నీళ్లు ఇంకిపోయాయి. బాల్కనీలోకి మార్చాక పనికొస్తుందో లేదో చూస్తా. ఇక్కడైతే మళ్లీ ఛార్జింగ్ పెట్టను. దీన్ని ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి, ఇంట్లో ఎవరినైనా పిలవండి."

"ఎవరూ లేరు."

"సాయంత్రానికి వస్తారా?"

"సాయంత్రానికీ ఎవరూ లేరు."

నా కుడి మణికట్టు నిరుడు విరిగి అతికింది. నిండు బిందె కూడా ఎత్తలేను. చూపించాను.

"పోనీ ఎదురింట్లో?"

"ఉన్నారు. కానీ..."

"కానీ ఏంటి, కరుస్తారా?"

కరవరు. తలుపు వేశాక తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకుంటారు. అందుకే మనసులో ఆయన్ని తాళాలాయన అనుకుంటాను. మూడేళ్ల కిందట లిఫ్టులో "బాగున్నారా" అని పలకరిస్తే వినపడనట్టు ఫోన్ చూసుకున్నాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆయన తలుపు చప్పుడైతే నేను గడప లోపలే ఆగిపోతున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

"ఇవాళ్టికి వదిలేయండి" అనబోయాను. అంటే ఇతను వెళ్లిపోతాడు. ఇతను వెళ్లాక, చప్పుడు లేని ఆ గదిలో, స్విచ్ మళ్లీ నేనే వేస్తాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మెకానిక్ చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది. బ్యాటరీని ఒక్కరే ఎత్తరాదు, ఇద్దరు ఉండాలి. పదకొండు మోడళ్లకు ఇదే వాక్యం దించాను. ఆ రెండో మనిషి ఎక్కడినుంచి వస్తాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఉండండి" అన్నాను.

నాలుగు అడుగులు. తాళాలాయన బెల్ నొక్కాను.