ఒక్కరూ తీసుకుపోని పుస్తకాలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కానీ ఆ రోజు పెనుకొండలో మా యూనివర్సిటీ లైబ్రరీ గుమ్మంలో నిలబడి లోపలికి చూసినప్పుడు వచ్చిన కోపం నా ఒక్కదానిది కాదు. నా చోట మీరున్నా వచ్చేది.

గుమ్మానికి బంతిపూల దండ వేలాడుతోంది. దాని పైన బ్యానర్: 'పరిశోధనా నైపుణ్యాల శిక్షణ, మూడు రోజుల కార్యశాల'. లోపల, రెఫరెన్స్ బీరువాలు ఉండాల్సిన మూలలో నీలం రంగు సోఫాలు వేసి ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. బీరువాలు లేవు, పుస్తకాలు లేవు. గోడ మీద బీరువాలు ఆనుకున్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది.

నా పేరు నిఖిత. మా నాయన హనుమంతప్పకు హిందూపురం బజారులో చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. మా ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ధర్మవరం పట్టుచీర వెనక ఆడవాళ్ళు చేసే పని మీద నా థీసిస్. దానికి ప్రాణం ఆ బీరువాలో ఉన్న మూడు సంపుటాలు. ముప్పై ఏళ్ళ కిందట మా యూనివర్సిటీ విద్యార్థులే ధర్మవరంలో ఇల్లిల్లూ తిరిగి, మగ్గాల ఇళ్ళలో ఆడవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చి, టైపు కొట్టించి, బైండు చేయించి పెట్టారు. అంత పని చేసినవాళ్ళు ఇంకో కాపీ మాత్రం తీయించలేదు.

మూడో సంపుటంలో నీలావతి అనే ఆమె మాటలున్నాయి. 'మగ్గం మీద కూర్చున్నోన్ని నేసేటోడు అంటారు. పట్టు తోడి, కండెలు చుట్టి, పొద్దున్నుంచి మాపు దాకా అందిచ్చే నన్ను ఏమంటారు? ఏమీ అనరు. నేను చేసింది యాడా లెక్కలోకి రాదు.' నా థీసిస్ మొత్తం ఈ నాలుగు మాటల మీదే నిలబడి ఉంది. సెమినార్‌లో కమిటీ పెద్దమనిషి ఒకాయన వాటిని చదివి ముక్కు చిట్లించాడు. "మగ్గం ఇంటామె ఇంత బాగా మాట్లాడిందా, నువ్వే రాసినావా? అసలు పుస్తకం చూపించు, లేదంటే ఆ అధ్యాయం తీసెయ్యి" అన్నాడు. జెరాక్సు తీయకూడదు, ఫోన్‌తో ఫోటో తీయకూడదు అని లైబ్రరీలో బోర్డు పెట్టారు కాబట్టి రెండేళ్ళు ఆ మూల కూర్చుని చేత్తో రాసుకున్నాను. నా చేతిరాతను ఎవరు నమ్ముతారు? పుస్తకం ఒక్కరోజుకు సెమినార్ గదికి ఇప్పించమని అడగడానికే ఆ పొద్దు లైబ్రరీకి వచ్చాను.

లైబ్రేరియన్ నరసింహులు సారు కొత్త చొక్కా వేసుకుని, చేతిలో పూలగుత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సార్, రెఫరెన్స్ బీరువాలు యాడ?"

"తీసేసినామమ్మా. యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే తనిఖీ వాళ్ళు వస్తారు కదా, పిల్లోళ్ళు చదువుకునే వాతావరణం చూపియ్యల్ల."

"పుస్తకాలు?"

"వాడకంలో లేనివన్నీ రద్దు చేసినాము. ఊరికే ఏం తీసెయ్యలేదులే, కంప్యూటర్లో చూసే చేసినాము. పదేండ్లలో ఒక్కరన్నా ఇంటికి తీసుకుపోయినవి ఉంచినాము. ఒక్కరూ తీసుకుపోనివి పాత కాయితాల అంగడికి ఏసినాము."

ఆయన చెప్పింది నాకు ఒక్క నిమిషం బుర్రకెక్కలేదు. ఎక్కాక అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, అవి రెఫరెన్స్ పుస్తకాలు. 'ఇంటికి ఇయ్యబడవు' అని మీరే కదా బోర్డు పెట్టినారు?"

"అవును, ఇయ్యం."

"మీరు ఇయ్యకుంటే ఎట్ల తీసుకుపోతారు సార్?"

"అదే చెప్తాండా కదమ్మా. ఎవరూ తీసుకుపోలేదు."

అమ్మ పెట్టదు, అడుక్కు తిననియ్యదు అని మా అవ్వ ఊరికే అనలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన మొహం చూశాను. ఆ మొహంలో వెతికినా తప్పు చేసిన ఛాయ లేదు. సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడిలా ఉన్నాడు.

"రెండేండ్లు నేను రోజూ ఈడ్నే కూర్చుని చదివినాను సార్. 'ఇంగ లెయ్యమ్మా, తాళమెయ్యల్ల' అని మీరే కదా నన్ను లేపేది? నేను చదివిందంతా యాడ పోయింది?"

"కూర్చుని చదివేది కంప్యూటర్లో ఎక్కదమ్మా" అన్నాడాయన, ఓపిగ్గా.

నీలావతి గుర్తొచ్చింది. ఆమె చుట్టిన కండెలూ లెక్కలోకి రాలేదు, ఆమె మాటలు నేను చదవడమూ లెక్కలోకి రాలేదు. లెక్క రాసేవాళ్ళ చేతులు విరగ!

అప్పుడే మైకు గరగరమంది. బెంగుళూరు నుంచి పిలిపించిన నిపుణుడు లేచాడు. "మిత్రులారా, పరిశోధకుడికి మూలాధారమే దైవం. అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయని కూర్చోకండి. మీ లైబ్రరీలో ఏ మూలనో దుమ్ముపట్టి ఉన్న పుస్తకాలను వెతకండి" అన్నాడు. సోఫాల్లో కూర్చున్న పిల్లలు 'దుమ్ముపట్టి' అని కూడా వదలకుండా రాసుకుంటున్నారు.

"యాడ వెతకల్ల సార్?" అని అరిచాను. "ఆ మూల ఇదే! వీళ్ళు కూర్చున్న సోఫాల కిందనే మీ మూలాధారం ఉన్నింది. నిన్నా మొన్నా దాన్ని తూకానికి అమ్మేసినారు. దాన్ని అమ్మి మాకు దాన్ని వెతికే శిక్షణ ఇస్తాండారు, సిగ్గుండల్ల!"

హాలంతా నా వైపు తిరిగింది. నిపుణుడు నీళ్ళ సీసా మూత తీసి, మళ్ళీ పెట్టి, "ప్రశ్నలు చివరలో తీసుకుందాం" అన్నాడు. నరసింహులు సారు పూలగుత్తితోనే నన్ను బయటికి పొమ్మని సైగ చేశాడు. ఏ అంగడికి వేశారో చెప్తేనే కదులుతానన్నాను. హిందూపురం నాగరాజు అంగడి అని గొణిగాడు. మా ఊరే!

హిందూపురం బస్సెక్కాను. దారిలో సోమందేపల్లిలో బస్సు ఆపి డ్రైవరు టీ తాగుతుంటే, లేచి స్టీరింగు నేనే పట్టుకుందామనిపించింది.

నాగరాజు అంగడి మా బజారు వెనక సందులోనే. నన్ను చూసి, "హనుమంతప్పన్న కూతురివి కదా, రామ్మా" అన్నాడు. లైబ్రరీ పుస్తకాలని చెప్పగానే వెనక గుట్ట చూపించాడు. ఒక్కదానికీ అట్ట లేదు.

"అట్టల రేటు యేరు, కాయితం రేటు యేరుమ్మా. అట్టలన్నీ నిన్ననే లారీకి పోయినాయి. లోపలి కాయితం మంచి మందం ఉండాది. పొట్లాలకు బాగుంటాదని మీ నాయనకే ఇయ్యల్లనుకుంటి."

చీర కొంగు దోపుకుని గుట్ట మీద పడ్డాను. ఎవరెవరివో పరిశోధనలు, ఏ కాలం నాటివో గెజిట్లు, చేతికొచ్చింది వచ్చినట్టు పక్కకు విసిరాను. వాటన్నిటికీ ఏడ్చే తీరిక నాకు లేదు. చివరికి టైపు అక్షరాల కాగితాలు కనబడ్డాయి. మొదటి రెండు సంపుటాలు దారపు కుట్టుతో అట్లాగే ఉన్నాయి. మూడోదాని వీపు విరిగింది. తిప్పి చూశాను. నీలావతి ఉంది. ఒళ్ళో పెట్టుకుని ఆ గుట్ట మీదే కూలబడ్డాను.

నాగరాజు మాత్రం ఊరికే ఇవ్వనన్నాడు. నేను నోరు చేసుకున్నాను, ఆయనా చేసుకున్నాడు. సందులో జనం మూగారు. ఎవరు చెప్పారో, మా నాయన భుజాన పాత పేపర్ల కట్ట వేసుకుని వచ్చాడు. పొట్లాలకని మా అంగట్లో దాచుకున్నవి.

"ఏమబ్బా నాగరాజూ, ఆడపిల్లతో ఏం గొడవ? కాయితానికి కాయితం. తక్కెడ పట్టు."

మా నాయన నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ మూడు సంపుటాలు ఒకవైపు, పేపర్లు ఇంకోవైపు తూగాయి. పేపర్లు ఒక పిసరు ఎక్కువే వేసి, "పోదాం పా పాపా" అన్నాడు.

మరునాడు శిక్షణ రెండో రోజు. మూడు సంపుటాలనూ కొత్త గుడ్డలో మూటగట్టి తీసుకెళ్ళి నరసింహులు సారు బల్ల మీద పెట్టాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

"ఇవి మావేనని ఏం గురుతు? అట్ట లేదు, నంబరు లేదు" అన్నాడు.

ప్రతి లైబ్రరీకీ ఒక దొంగ పేజీ ఉంటుంది. అట్ట చింపుకుని పోయినా పుస్తకం ఎవరిదో తెలియాలని లోపల ఒక పేజీలో ముద్ర వేసి ఉంచుతారు. రెండేళ్ళు ఆ పుస్తకాలతో కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? ఆ పేజీ తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. ఊదారంగు ముద్ర, కింద నంబరు, కడిగిన ముత్యంలా ఉన్నాయి.

ఆయన మొహంలో రంగు మారింది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అమ్మే ముందు ప్రతి పుస్తకంలో ఈ పేజీ మీదే 'రద్దు' అని ముద్ర కొట్టాలి. తొందరలో కొట్టలేదు. అంటే లైబ్రరీ సొత్తు లైబ్రరీ సొత్తుగానే తూకానికి పోయింది. ఇంక తీసుకోక చస్తాడా అనుకున్నాను.

ఆయన సొరుగు లాగాడు. ముద్ర తీశాడు, సిరా డబ్బా తీశాడు. నా కళ్ళ ముందే మూడింటి మీదా టపాటపా కొట్టాడు. రద్దు. రద్దు. రద్దు.

"ఇంగ ఇవి మావి కావు. తీసుకుపోమ్మా, నువ్వే పెట్టుకో."

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఏడుపు కాదు, కోపం. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే భయమేసి, మూటగట్టుకుని వచ్చేశాను.

మా గైడు వసుంధర మేడం అంతా విని తల పట్టుకుంది. "పుస్తకం నీ ఇంట్లో ఉంటే అది ఆధారం కాదు నిఖితా. ఎవరైనా పోయి చూడగలిగే చోట ఉండల్ల. ఆ చోటు పేరు థీసిస్‌లో రాయల్ల. రేపు పొద్దున మీ ఇంటికి ఎవరొస్తారు?"

"ఇంటికి రారు మేడం. అంగడికి వస్తారు. పొద్దున్నుంచి మాపు దాకా తెరిచే ఉంటాది."

"చింతపండు అంగడి పేరు థీసిస్‌లోనా? నవ్వుతారే!"

"నవ్వనీండి మేడం. అమ్ముకున్నోళ్ళకు లేని సిగ్గు నాకెందుకు?"

మా నాయన గల్లా పక్కన అర ఖాళీ చేసి, వేపాకు పరిచి, సంపుటాలు పెట్టాడు. నా థీసిస్‌లో ఆధారాల పట్టికలో ఇట్లా రాశాను: 'లభించు చోటు: హనుమంతప్ప చింతపండు అంగడి, హిందూపురం. ఎవరైనా వచ్చి చదవచ్చు, ఫోటో తీసుకోవచ్చు.' ముక్కు చిట్లించిన పెద్దమనిషి నిజంగానే వచ్చాడు. మిరపకాయల ఘాటుకు దగ్గుతూ, బస్తా మీద కూర్చుని నీలావతి పేజీ రెండుసార్లు చదివాడు. "ఆమే అనింది" అన్నాడు, నాతో కాదు, తనలో తానే. అధ్యాయం నిలిచింది. శిక్షణకు వచ్చిన పిల్లలు కూడా ఒక్కొక్కరే బస్సెక్కి రావడం మొదలుపెట్టారు. ఎవరు వచ్చి చదివినా మా నాయన తలుపు చెక్క మీద సుద్దతో ఒక గీత గీసేవాడు. బస్తాలు దించేటప్పుడు గీసే అలవాటే.

తనిఖీ జరిగే వారం, మధ్యాహ్నం పూట నరసింహులు సారు మా అంగడి ముందు ఆటో దిగాడు. అంగడి మెట్టు ఎక్కక ముందే తుమ్మాడు.

"నిఖితా, పెద్ద చిక్కొచ్చిందమ్మా. పోయినేడు పంపిన రిపోర్టులో ఆ మూడు సంపుటాలు మా లైబ్రరీకి గర్వకారణమని రాసింటిమి. వచ్చినోళ్ళు అవే చూపియ్యమంటాండారు. ఒక్క రోజు ఇయ్యి. మాపటికంతా తెచ్చిస్తా, నీకు దండం పెడతా."

మా నాయన నా వైపు చూశాడు. నేను లేచి, మూడో సంపుటం తీసి, దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచాను. ఇన్నాళ్ళ కోపం గొంతు దాకా వచ్చి, ఎందుకో చల్లగా మాటైంది.

"రెఫరెన్స్ పుస్తకాలు సార్ ఇవి. బయటికియ్యం."

"ఏమ్మా, అట్లంటే..."

"ఈడే కూర్చుని చదువుకోవచ్చు. వాళ్ళనూ ఈడికే పిల్చుకోని రాండి."

ఆయన కాసేపు ఎండలో నిలబడ్డాడు. ఆటో వాడు హారన్ కొట్టాడు. చివరికి లోపలికొచ్చి, చింతపండు బస్తా మీద కూర్చుని, పుస్తకం తెరిచాడు. తెరుచుకున్నది దొంగ పేజీయే. తన చేత్తో కొట్టిన ముద్ర ఆయన మొహంలోకి చూసింది. చప్పున పేజీ తిప్పి, తలొంచుకుని చదవసాగాడు.

మా నాయన సుద్దముక్క తీసుకుని తలుపు చెక్క దగ్గరికి పోయాడు.

"చదవండి సార్, నిదానంగా చదవండి. కూర్చుని చదివింది కూడా మాకు లెక్కే" అని గీత గీశాడు.