తాళం వేశానా?

నేను ఒక తాళంకప్పను. పేరులో కప్ప ఉందే గాని బెకబెకమనే యోగం లేదు. అలీగఢ్‌లో ఇత్తడి కరిగించి నన్ను పోత పోశారు. సామర్లకోట బజారులో ఒక పెద్దాయన బేరమాడి కొన్నాడు. ఆయన పోయాక నా చెవి కోడలు హైమవతి కొంగుకు చేరింది.

హైమవతి బడిపంతులమ్మ. రోజూ నన్ను వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, "తాళం వేశానా?" అని గుండె పట్టుకుని వెనక్కి వస్తుంది. ఆవిడ తప్పు కాదు. రోజూ చేసే పనిని మనిషి బుర్ర విడివిడిగా దాచదు. నిన్నటిదీ మొన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి ఒకటే పచ్చడి నూరేస్తుంది.

ఆ పచ్చడే ఒకరోజు ప్రాణం మీదికి తెచ్చింది.

అత్తగారు కనకవల్లి రోజూ కోడలి కంటే ముందే పక్కవాటా పైడమ్మతో విస్తళ్ళు కుట్టడానికి వెళ్తుంది. ఆ రోజు వెళ్ళలేదు. పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి దూరింది. హైమవతి బుర్ర మాత్రం నిన్నటి అత్తగారిని ఇవాళ గుమ్మం దాటించేసింది. ఇంటికున్న ఒక్క తలుపుకీ నన్ను బిగించేసింది.

మలుపు దగ్గర అలవాటు అనుమానం. వెనక్కి వచ్చింది. బతికాం అనుకున్నాను. లోపల చెంబు చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆవిడకు ఆటోల గోలే వినిపించింది. నన్ను లాగి, "హమ్మయ్య, వేశాను" అనుకుని వెళ్ళిపోయింది. సరిగ్గా చేసిన పనిని అనుమానించింది, తప్పిన జ్ఞాపకాన్ని నమ్మింది.

పాలు పొంగాయి. మంట ఆరింది. గ్యాసు తలుపు కింద సందులోంచి బయటికి పాకింది. తాళాన్నే అయినా తాళలేకపోయాను.

"హైమా, తలుపు రావట్లేదే. చీకటిగా ఉంది, ఉండు, లైటేస్తాను" అంది కనకవల్లి.

ఉన్న నోరు మూసుకుని వేలాడటమే నా ఉద్యోగం. అయినా అరవాలనిపించింది.

అరిచింది, కనకవల్లి ఇంకా రాలేదేమని వచ్చి గుమ్మంలోనే వాసన పట్టిన పైడమ్మ. "వదినా, స్విచ్చి ముట్టుకోకు. గ్యాసు కట్టేసి కిటికీ తియ్యి." కిటికీ తెరుచుకున్నాక పొత్రం ఎత్తి నన్ను మోదింది. విరిగినందుకు సంతోషించిన తాళం నేనొక్కదాన్నేనేమో.

సాయంత్రం బడి నుంచి వచ్చిన హైమవతి విరిగిన నన్ను చేతిలోకి తీసుకుంది. "మీరు వెళ్ళడం కళ్ళారా చూశానత్తయ్యా. మీ ఆకుపచ్చ చీర కూడా గుర్తుంది."

"అది నిన్న కట్టింది తల్లీ. తీగ మీద ఆరుతోంది చూడు."

ఇప్పుడు నేను అటక మీద తుప్పు మేకుల డబ్బాలో ఉన్నాను. కింద హైమవతి కొత్త తాళాన్నీ లాగి చూస్తూనే ఉంది. కనకవల్లి మాత్రం, కోడలి చేతిలో తాళంచెవి గలగలమంటే చాలు, తాగుతున్న కాఫీ గ్లాసుతో సహా గుమ్మం బయటి మెట్టు మీదికి వచ్చి కూర్చుంటుంది.