పక్క మంచం మీది షెర్లీ

2022 మేలో వీచిన పెనుగాలికి కెనడాలోని సార్నియా ఊళ్ళో ఒక అద్దె ఇంటి మీద పెద్ద చెట్టు కూలింది. ఆ ఇంట్లో కాలేజీలో చదివే తెలుగమ్మాయిలు ఉండేవారు. గాలి మొదలవగానే అందరూ బేస్‌మెంట్‌లోకి పరుగెత్తారు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పైగదిలో నిద్రపోతున్న షెర్లీని లేపడానికి ధరణి ఒక్కతే వెనక్కి వెళ్ళింది. ఇద్దరూ మెట్ల మీద ఉండగా పైకప్పు విరిగిపడింది. షెర్లీకి భుజం, ధరణికి తొడ ఎముక విరిగాయి.

ఆపరేషన్ల తర్వాత ఇద్దరినీ ఒకే గదిలో ఉంచారు. షెర్లీ కోసం చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసేవారు. తెచ్చిన కోడికూర ధరణికీ పెట్టేవారు. ఆమె ముట్టేది కాదు. షెర్లీ చెయ్యి కాస్త పైకెత్తితే చాలు, నర్సులు మెచ్చుకునేవారు. ధరణికి కడుపు రగిలిపోయేది.

నర్సు బాలకుమారిది కాకినాడ. రోజూ ఉదయం అడిగేది.

"సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంతుందమ్మా?"

"మూడు ఆంటీ," అంది షెర్లీ.

"నాకు రెండే," అంది ధరణి. నిజానికి ఎనిమిది. కానీ షెర్లీ కంటే ఎక్కువ చెప్పడానికి నోరు రాలేదు.

నాలుగు రోజులు అలాగే చెప్పి, మందు తగ్గించుకుంది. ఐదో రోజు వ్యాయామం చేయిస్తుంటే కళ్ళు తిరిగి బాలకుమారి చేతుల్లో పడిపోయింది. తెలివి వచ్చేసరికి ఏదో ట్రాలీ గోడకు తగిలి చప్పుడైంది. ధరణి ఒళ్ళంతా వణికింది.

"ఇది ఆస్పత్రి. కప్పు గట్టిగానే ఉంది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా గాలి వదులు," అంది బాలకుమారి. వణుకు తగ్గాక అడిగింది. "నొప్పి ముదిరాక మందిస్తే ఒక పట్టాన దిగదు. ఎందుకు దాచావే తల్లీ?"

"దాని ముందు ఓడిపోవడం ఇష్టం లేక," అంటూ ధరణి ఏడ్చేసింది. "దానికోసం వెళ్ళే కదా నాకిలా అయింది! ఒక్కసారైనా ఆ మాట ఎత్తిందా ఆంటీ?"

షెర్లీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలాగే మాట్లాడింది.

"ఎత్తితే నీ కాలు చూడాలి. చూడలేకపోతున్నానే ధరణీ."

తర్వాత షెర్లీ లేచి, భుజం పట్టుకుని వచ్చి, ధరణి కాలి కట్టును మొదటిసారి చూసింది.

ఆ రోజు నుంచి వ్యాయామానికి ముందే మందు ఇచ్చారు. కౌన్సెలర్ వారానికి రెండుసార్లు వచ్చి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడేది. పీడకలలు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. షెర్లీ ముందే డిశ్చార్జ్ అయింది. ధరణి ఆ పూట అన్నం తినలేదు. ఎందుకు తినలేదో మాత్రం కౌన్సెలర్‌కు దాచకుండా చెప్పింది.

అక్టోబరులో షెర్లీకి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. ధరణిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడానికి చర్చివాళ్ళ కారు అడిగి తెచ్చింది.

"నిన్ను చూస్తే ఇప్పటికీ కుళ్ళుగానే ఉందే," అంది ధరణి, చేతికర్రతో మెట్లు దిగుతూ.

"తెలుసు. సీటు వెనక్కి జరిపా, కాలు చాపుకో," అంది షెర్లీ.