దారిలో దొరికినవి

సైకిలు తొక్కేవాళ్లు తొక్కేది తక్కువ, చెప్పేది ఎక్కువ. ఈ మాటంటే మా గుంపులో అందరికీ కోపం వస్తుంది కానీ, నేనూ అందులోదాన్నే కాబట్టి అనే హక్కు నాకుంది. ఆదివారం తెల్లారగానే పెట్రోలు బంకు దగ్గర కలుసుకుని, ఊరు దాటి, వాగు మీది వంతెన దాటి, గుట్టెక్కి, పైనున్న టీ కొట్టు దగ్గర ఆగుతాం. అసలు సంబరం అక్కడే. ఆ వారంలో ఎవరు ఎంత దూరం పోయారు, ఎవరి చక్రం ఎక్కడ పంక్చరైంది, ఎవరి వెంట కుక్కలు పడ్డాయి, అన్నీ ఆ బెంచీల మీదే బయటపడాలి. మా కెప్టెన్‌కు బజార్లో మందుల షాపుంది. ఆయన చెబితే గుట్ట కొండవుతుంది, కుక్క తోడేలవుతుంది. లెక్కల టీచరు ఊరుకోదు. "పోయినసారి ఒక్క కుక్కే అన్నారు కదండీ, ఈసారి మూడెలా అయ్యాయి?" అని నిలదీస్తుంది. "ఈలోపు పిల్లల్ని పెట్టిందమ్మా" అంటాడాయన తడుముకోకుండా.

మా ఆయన లిఫ్టు మెకానిక్. వారమంతా ఇతరుల్ని మేడ ఎక్కించే పని కదా, ఆదివారం మాత్రం తనే గుట్టెక్కి పైన నిలబడాలి, అదీ అందరికన్నా ముందు. నేను బట్టలు కుడతాను. మిషను ముందు కూర్చునీ కూర్చునీ నడుం పట్టేస్తుంటే ఈ సైకిలు మొదలుపెట్టాను. నేను మధ్యలో వస్తాను. అందరి వెనకా వచ్చేది మా మామగారు.

మామగారు జీవితమంతా లేత్ మిషను మీద ఇనుము తరిగిన మనిషి. ఆ మోతకు ఎడమ చెవి దాదాపు పోయింది. మోతలో మాట్లాడి ఏం లాభమని మానేశారో ఏమో, ఇంట్లో ఆయన నోటి నుంచి మాట రావడమే గగనం. కొడుకు తండ్రికి తగ్గవాడే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుని, "నీళ్లు", "ఇదిగో" అనే రెండు మాటలతో లేచిపోతారు. అత్తయ్య ఉన్న రోజుల్లో ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేదట. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం ఖాళీగా ఉండిపోయింది.

ఒకసారి మాటల మధ్యలో, "ఇంట్లో మూగనోము గానీ, ఆ టీ కొట్టు దగ్గర మీ అబ్బాయి కబుర్లు వినాలి మామయ్యా, కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తాడు" అన్నాను. ఆయన తర్వాత కొన్నాళ్లకు పాత సైకిలొకటి కొనుక్కొచ్చి, ఊడదీసి, అరిగిన ముక్కలు తనే చేసి బిగించి, "నేనూ ఆదివారం వస్తా" అన్నారు. ఈ వయసులో ఇదేం సరదా అని మా ఆయన నవ్వాడు. ఆయన వస్తున్నది సైకిలు కోసం కాదని నాకు తెలుసు.

వచ్చారు కానీ, కబుర్లకు అందలేదు. మా గుంపుకు ఒక మంచి నియమముంది: చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. వినడానికి ఎంతో దయగా ఉంటుంది. జరిగేదేమిటంటే, ముందొచ్చినవాళ్లు టీలు తాగి, కోతలు కోసి, కాళ్లు చాపుకుని చల్లబడతారు. అంతలో మలుపులో మామగారి ఎర్ర చొక్కా కనబడుతుంది. "అదిగో, పెద్దాయన వచ్చేశారు. పదండి పదండి, ఎండెక్కుతోంది" అని అందరూ లేస్తారు. ఆయన ఒక కాలు నేల మీద ఆనించి ఊపిరి తీసుకునేలోపే మేం హెల్మెట్లు తగిలించుకుని సిద్ధం. అలసిన మనిషికి కూర్చునే వీల్లేదు, కూర్చుని లేచినవాళ్లే మళ్లీ ముందు. ఇందులో ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. అదే నా బాధ. ఉంటే ఎవరినో ఒకరిని కడుపారా తిట్టుకునేదాన్ని.

ఒకట్రెండుసార్లు ఆయన భుజానికున్న సంచీ మీద చెయ్యేసి, "ఒరేయ్, దారిలో..." అని ఏదో చెప్పబోయారు. మా ఆయన అప్పటికే పెడలు మీద కాలేసి ఉన్నాడు. "ఇంటికెళ్లాక చెబుదువుగాని నాన్నా" అన్నాడు. ఇంటికెళ్లాక ఏముంది? "నీళ్లు", "ఇదిగో".

ఒక శనివారం నేను జాకెట్టుకు చేతులు కుడుతుంటే మామగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"అమ్మాయ్, రేపు నేను ముందే బయల్దేరతా."

"ముందే అంటే?"

"మీరు లేవకముందే. నా పాటికి నేను మెల్లగా తొక్కుకుంటూ పోతే, మీరొచ్చేసరికి కొట్టు దగ్గర కూర్చుని ఉంటా. వాడు మలుపు తిరగ్గానే నేను టీ తాగుతూ కనపడాలి. వాడి మొహం చూడాలి." ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను ఆ ఇంట్లో అంతకుముందు చూడలేదు. "వాడికి మాత్రం చెప్పకు" అని చిన్నపిల్లాడిలా వేలు చూపించి మరీ వెళ్లారు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన నమ్మకం. ఆ ఒక్కసారికి నానబెట్టాను. తీరా చూస్తే నానబెట్టకూడని రోజు అదొక్కటే.

పొద్దున బంకు దగ్గర చేరేసరికి గాలి విపరీతంగా ఉంది. షాపుల బోర్డులు గడగడలాడుతున్నాయి. "ఈ గాలిలో గుట్టెక్కితే మనం తొక్కేది ముందుకి, పోయేది వెనక్కి. రైలు పట్టాల పక్క రోడ్డున పోదాం, అటు చెట్లున్నాయి" అన్నాడు కెప్టెన్. అందరూ సరేనన్నారు. ఆయన ఆ సంగతి ఫోన్లో గుంపులో కూడా పెట్టాడు.

"మరి మామయ్య?" అన్నాను.

"నాన్న ఇంకా పడుకున్నాడుగా. తలుపు వేసే ఉంది" అన్నాడు మా ఆయన.

పక్కకు వెళ్లి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సంచీ అడుగున ఫోను, పైన ఆ గాలి, ఆపైన ఆ చెవి. మళ్లీ చేశాను. మింగలేను, కక్కలేను. చెబితే ఆయన సరదా పాడవుతుంది, ఎదురుగాలికి వంతెన దగ్గరే వెనక్కి తిరిగేస్తారులే, మెసేజ్ చూసుకుంటారులే అనుకున్నాను. మనకు కావాలనుకున్నప్పుడు ఎన్నైనా అనుకోగలం.

పట్టాల పక్కన కొంత దూరం పోయాక నా మనసు నిలవలేదు. మా ఆయన్ని ఆపి అంతా చెప్పేశాను. అతను పకపకా నవ్వాడు. "నాన్నా? ఈ గాలిలో గుట్టా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు. వాగు దగ్గరే చక్రం తిప్పేసి ఈపాటికి ఇంట్లో కాళ్లు పిసుక్కుంటూ ఉంటాడు. పద."

వెళ్లాను. అదీ నేను చేసిన పని.

మేం వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. మధ్యాహ్నం అవుతుండగా మామగారు వచ్చారు. మొహం కందిపోయి ఉంది. "ఎందాకా వెళ్లావు నాన్నా?" అని మా ఆయన అడిగితే, "ఇక్కడికే, కొంచెం దూరం" అన్నారు. చెప్పానా లేదా అన్నట్టు మా ఆయన నా వంక చూశాడు. నాకూ నమ్మడమే సుఖంగా ఉంది. వంటింట్లోకి వచ్చినప్పుడు మాత్రం, "మీకు ఫోన్ చేశాను మామయ్యా" అన్నాను. "చూశానమ్మా, తర్వాత చూశా. గాలి కదా, మీరేం చేస్తారు" అన్నారు. గ్లాసు కడిగి బోర్లించి, "మోకాలు కొంచెం లాగుతోంది" అన్నారు.

ఆ వారంలోనే ఎక్కడినుంచో ఇనప కడ్డీ తెచ్చి రెండు కొక్కేలు వంచారు. వరండా గోడకు బిగించి సైకిలు వాటికి తగిలించారు. గొలుసుకు దట్టంగా నూనె పట్టించారు. మళ్లీ తీసే బండికి అంత నూనె ఎవరూ పెట్టరు. మా ఆయన మాత్రం, "పోనీలే, మోకాలికి రెస్టు" అన్నాడు.

తర్వాతి ఆదివారం గాలి లేదు. గుట్టెక్కాం. మమ్మల్ని చూడగానే టీ కొట్టు ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"పోయిన వారం ఎక్కడ పోయారు మీరంతా? పెద్దాయన్ని అట్లా కూర్చోబెట్టి?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"నేను షాపు తీస్తుంటే వచ్చాడు. రొప్పుతున్నాడు, మనిషి తూలుతున్నాడు. దిగీ దిగగానే 'ఇవాళ నేనే ఫస్టమ్మా' అన్నాడు. నా చేతిలో గుడ్డ లాక్కుని బెంచీలు తనే తుడిచాడు. సంచీలోంచి సామాన్లు తీసి, ఇది కెప్టెన్ గారిది, ఇది టీచరమ్మది అంటూ ఒక్కొక్కటీ ఒక్కో చోట పెట్టాడు."

"ఏం సామాన్లు?" అన్నాడు కెప్టెన్.

"మీరు దారిలో పారేసుకున్నవేనయ్యా. నల్లద్దాలు, నీళ్ల సీసా, గాలి కొట్టే పంపు. వెనకొచ్చేవాడికే కదా దొరుకుతాయి! ఎవరైనా కూర్చోబోతే 'మావాళ్లొస్తున్నారు, మావాళ్లొస్తున్నారు' అని లేపేశాడు. మలుపులో సైకిలు కనపడగానే టీలు పొయ్యమన్నాడు. నేను పాలు కాచి, దించి, మళ్లీ కాచి... ఒక నల్ల గ్లౌజు మాత్రం తన పక్కనే పెట్టుకుని, దాని మీద చెయ్యేసి కూర్చున్నాడు. 'ఇది మావాడి చోటు' అన్నాడు. ఎండ నెత్తికెక్కేదాకా చూసి, 'వాళ్లకేదో పని పడి ఉంటుంది' అని మిమ్మల్నే వెనకేసుకొచ్చి అన్నీ సర్దుకుని పోయాడు. ఒక్క టీ అయినా తాగలేదు."

ఆ గ్లౌజు కోసం మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఉతకడంలో నేనే పోగొట్టానని మా ఆయన, జేబులో సరిగ్గా పెట్టుకోలేదని నేను. మామగారు అప్పుడు ఊళ్లో లేరు, ఉంటే ఆ యుద్ధం ఆపేవారు. ఇప్పుడు మా ఆయన రెండో గ్లౌజు లేని ఆ చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ రోజు ఆ కొట్టు దగ్గర ఎవరూ ఏ కబురూ చెప్పలేదు. టీచరు కళ్లు తుడుచుకుంది. కెప్టెన్ టీ సగం తాగి పారబోశాడు.

ఇంటికి రాగానే మా ఆయన బూట్లు కూడా విప్పకుండా వరండాలోకి పోయి సైకిలు మీద చెయ్యి వేశాడు.

"దించకురా" అన్నారు మామగారు. "ఊరికే నేలకి ఆనుంటే టైర్లు పాడవుతాయి."

"వచ్చే వారం నీతో పాటు వెనకే వస్తా నాన్నా."

"నువ్వు మెల్లగా తొక్కలేవురా. నడుం పట్టేస్తుంది నీకు." కోపం లేదు, నిష్ఠూరం లేదు. కోపముంటే ఎంత బాగుండేది! లోపలికి వెళ్లి సంచీ తెచ్చి నా చేతికిచ్చారు. "అమ్మాయ్, ఎవరివి వాళ్లకిచ్చెయ్." గ్లౌజు అందులోనే ఉంది. విడిగా తీసి కొడుకు చేతికి ఇవ్వలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మా ఆయన ఆనాటి నుంచి గుంపు వెనక తొక్కడం మొదలుపెట్టాడు. అతనికి నిజంగానే నడుం పట్టేస్తోంది. అయినా మానలేదు. ఒక ఆదివారం మేమంతా లేవబోతుండగా మలుపు తిరిగి వచ్చాడు. చేతిలో కెప్టెన్ చేతిరుమాలు ఉంది.

"కెప్టెన్ గారూ, ఇది ఎక్కడ దొరికిందనుకున్నారు, వంతెన దిగగానే..."

"అరె, నాదే! నువ్వు దేవుడివయ్యా" అని కెప్టెన్ రుమాలు జేబులో కుక్కుకుని హెల్మెట్ తీసుకున్నాడు. "పదండి పదండి, ఎండెక్కుతోంది."

అంత జరిగాక కూడా. అలవాటు అంత పాడుది. మా ఆయన తెరిచిన నోరు అలాగే ఉంచి నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ఇంటికొచ్చాక తిన్నగా తండ్రి దగ్గరికి పోయాడు. మామగారు బల్ల దగ్గర కూర్చుని పేపరు చూస్తున్నారు. మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని రుమాలు సంగతంతా చెప్పాడు. మామగారు మొహం పూర్తిగా ఇటు తిప్పి, కుడి చెవి పెట్టి, చివరిదాకా విన్నారు.

"వంతెన దిగగానే గుంట ఉందిరా. అందరివీ అక్కడే ఎగిరి పడతాయి. టీచరమ్మ సీసా అక్కడే, నీ గ్లౌజు అక్కడే."

"నువ్వొచ్చి చూపించు నాన్నా."

"చూపించేదేముంది. నువ్వు తొక్కిరా. వచ్చి చెప్పు, వింటా" అన్నారు. పేపరు వైపు తిరిగారు.

మా ఆయన బల్ల మీదికి వంగి, నాకే సరిగా వినపడనంత మెల్లగా, "నువ్వు చెబుతానన్నది నేను వినలేదు కదా నాన్నా" అన్నాడు.

కానీ మామగారు పేపరు వైపు తిరగడంతో ఇటు ఎడమ చెవి పడింది. అంతలో కొడుకు పెదవులు కదిలినట్టనిపించి తలెత్తారు.

"ఏంట్రా? ఏమైనా అన్నావా?"

మా ఆయన తండ్రి వంక చూశాడు. మళ్లీ అనే ధైర్యం లేకపోయింది.

"నీళ్లు నాన్నా" అన్నాడు.

"ఇదిగో" అని మామగారు గ్లాసు ఇటు జరిపారు.