తెర వెనక మెకానిక్

మా కుట్టుమిషన్ల రిపేరు కొట్లో తెర ముందు నాన్న, తెర వెనక అమ్మ, అక్క. పాడైన మిషన్ వస్తే నాన్న దాన్ని గంభీరంగా అటూ ఇటూ తిప్పి చూసి, టెస్టింగ్ చెయ్యాలంటూ లోపలికి పట్టుకెళ్లేవారు. అమ్మా అక్కా బాగుచేసేవారు. నాన్న చేతులకి కాస్త నూనె పూసుకుని బయటికి తెచ్చేవారు. ఆడవాళ్లు చేశారంటే జనం నమ్మరని ఆయన భయం. అమ్మ కూడా అదే పాట. దానికే నాకు ఒళ్లు మండేది. ఆవిడకి వాళ్లమ్మ అలాగే చెప్పిందట.

చూపు తగ్గాక నాన్న ముందు కుర్చీ నాకిచ్చారు. స్క్రూ ఎటు తిప్పితే ఊడుతుందో నాకు ఇప్పటికీ అనుమానమే. అయినా మగపిల్లాణ్ణి కదా, సరిపోయాను. పదిహేనేళ్లుగా పని ఎక్కువగా తనదే కాబట్టి కుర్చీ కూడా తనకే ఇమ్మని అక్క అడిగింది. నాన్న నవ్వేశారు. అయితే నెలాఖరుకి వేరే కొట్లో చేరతాను, అక్కడైనా నలుగురికీ కనపడతాను అని అక్క తేల్చేసింది. అక్క వెళ్తే అమ్మ ఒక్కర్తివల్లా కాదు, కొట్టు మూసుకోవడమేనని నాకు తెలుసు.

ఆ వారంలోనే బట్టల ఫ్యాక్టరీ మేనేజరు ఒక మిషన్ తెచ్చాడు. అది బాగుపడితే మిగతావన్నీ మాకే అప్పగిస్తాడట. ఇనప బల్లకి బిగించిన మిషన్, దించడానికి నలుగురు పట్టారు. అలవాటుగా టెస్టింగ్ అన్నాను. లోపలి గుమ్మంలో బల్ల పట్టలేదు. ఇక్కడే కానివ్వు బాబూ, నేనూ చూస్తాను అన్నాడాయన.

స్క్రూడ్రైవరు పట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. నాన్న గోడకేసి చూస్తున్నారు.

"అక్కా, రా. నావల్ల కాదు" అన్నాను.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చక్రం చేత్తో తిప్పి, చెవి ఆనించి విని, అడుగున ఇరుక్కున్న దారప్పోగు లాగి, ఏవో రెండు బిగించింది. పావుగంటలో మిషన్ టకటకా కుట్టేసింది. మేనేజరు కుట్టుమీద వేలు రాసి చూసి, ఎవరు నేర్పారమ్మా అంటూ నాన్న వైపు తిరిగాడు.

"మా అమ్మ" అంది అక్క.

నాన్న గొంతు సవరించుకున్నారు. ఏదో కప్పిపుచ్చుతారనుకున్నాను.

"నాకూ ఆవిడే నేర్పిందండీ. నాకే వంటబట్టలేదు. ఇకనుంచి ఈ కుర్చీలో మా అమ్మాయే కూర్చుంటుంది."

తెర వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మిషన్ చప్పుడులో వినపడలేదు. ఆ మొదటి మాట మళ్ళీ చెప్పండి."

మిషన్ ఆగి చాలాసేపయింది. అయినా నాన్న మళ్ళీ చెప్పారు, ఈసారి వీధిలోకి వినపడేలా.