వద్దుగారి వేషం

మా తమ్ముణ్ణి షూటింగుల్లో అందరూ ‘వద్దుగారు’ అంటారు. మాటల్లేని పోలీసు వేషమా, వద్దు. చెంపదెబ్బలు తినే స్నేహితుడా, వద్దు. తాగుబోతు అసలే వద్దు. “వేషంలో ఒక మనిషుండాలక్కా” అంటాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె! మేకప్ డబ్బా మోసి వాణ్ణి సాకుతున్నదాన్ని నేను. మొహమ్మీదే అన్నాను, ఒకసారి కాదు.

ఉన్నమాట చెప్పాలంటే వాడు నటుడే. కరెంటు బిల్లు చదివినా ఎదుటివాళ్ళ కళ్ళు చెమర్చేలా చదువుతాడు.

రానురాను ఫోను మోగడం మానేసింది. కాదనడానికైనా ముందు ఒకరు అడగాలి కదా! పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. చూడలేక నేనే వెళ్ళి అసిస్టెంట్ డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన తల గోక్కుని, “ఒక శవం ఉందమ్మా. మార్చురీ సీను. మీవాడు చేస్తాడా?” అన్నాడు.

తిడతాడనుకుంటూనే ఇంటికొచ్చి చెప్పాను.

“ఎన్నింటికి రమ్మన్నారు?” అన్నాడు. అంతే.

మర్నాడు వాడి మొహానికి బూడిదరంగు నేనే పూశాను.

“ఎలా పోయాడక్కా వీడు?”

“ఎలా పోతే నీకేంట్రా, కళ్ళు మూసుకుని పడుకో” అని కసిరాను. కసరకపోతే ఏడ్చేసేదాన్ని.

ఇనప బల్ల మీద పడుకున్నాడు. హీరోయిను దుప్పటి తీసి, ఆ మొహం చూసి నిజంగానే జడుసుకుంది. వాడి కనురెప్ప కూడా అదరలేదు. కట్ చెప్పగానే డైరెక్టరు చప్పట్లు కొట్టి, “ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?” అన్నాడు.

మా పనిలో ఒక పట్టింపు ఉంది. శవంగా పడుకున్నవాళ్ళు లేచేముందు కెమెరాలోకి చూసి ఒక్కసారి నవ్వాలి. నవ్వకుండా లేస్తే కీడంటారు. అందుకని అందరూ కాచుకుని నిలబడ్డారు.

“నవ్వండి సార్, భోజనాలకి లేటవుతోంది” అన్నాడు అసిస్టెంటు.

వాడు పళ్ళు బయటపెట్టాడు గానీ అది నవ్వు కాలేదు. “ఒరేయ్, నవ్వరా, నీకు పుణ్యముంటుంది” అని బతిమాలాను. చిన్నప్పటిలా కితకితలు పెట్టాను. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారి, పూసిన రంగంతా చారలు కట్టింది. చివరికి కెమెరామన్, “చాల్లెండి, ఆపేద్దాం” అన్నాడు. ఒక్కొక్కరే భోజనాలకు వెళ్ళిపోయారు.

మేకప్ గదిలో నేను దూదితో రంగు తుడుస్తుంటే వాడు అద్దం వైపు చూడనే లేదు.

“అక్కా, వాళ్ళకి నచ్చింది కదా?”

“నచ్చిందిరా.”

“అయితే శవాలేమైనా ఉంటే నన్నే పిలవమని చెప్పు. మొహం కనపడకపోయినా ఫర్లేదు.”

ఏదో ఒకటి ఒప్పుకోరా అని ఇన్నేళ్ళూ వాణ్ణి పోరినదాన్ని, ఆ మాట విని చేతిలో దూది పక్కన పెట్టేశాను. ఒక్కసారి కాదనరా నాయనా, ఒక్కసారి కాదను అని మనసులో మొత్తుకున్నాను.

“చెప్తావు కదక్కా?” అని మళ్ళీ అడిగాడు.